ఆర్కుట్‌ని వదిలింది ఫీచర్ల కోసం కాదు

ఫేస్‌బుక్‌లో ఫీచర్లు బాగుండబట్టే గూగుల్ వాళ్ల పాత సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్ మూతపడిందని కొందరు రాశారు, నేను ఒప్పుకోను. 2008లో ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకి ఇరవై రూపాయలిచ్చి, ఎవరు స్క్రాప్ (మన పేజీలో పెట్టే మెసేజ్) రాశారా, ఎవరు టెస్టిమోనియల్ (మన గురించి ఫ్రెండ్స్ రాసే నాలుగు మంచి మాటలు) ఇచ్చారా అని చూసుకునేవాళ్లం. ఇంజినీరింగ్ అయ్యాక మా బ్యాచ్‌లో అమెరికా వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే ఫేస్‌బుక్‌కి మారిపోయారు, వాళ్ల ఫొటోలు చూడాలంటే మేమూ మారాల్సొచ్చింది, అంతే. మనవాళ్లు ఎక్కడుంటే అక్కడికే పోతాం. 2014 సెప్టెంబర్ 30న గూగుల్ ఆర్కుట్‌ని మూసేసేనాటికి నా స్క్రాప్‌బుక్‌లో చివరి మెసేజ్ మూడేళ్ల కిందటిది, ‘హ్యాపీ బర్త్‌డే రా’ అని. ఇప్పుడు మా అక్క కూతురు ఇన్‌స్టాగ్రామ్ తప్ప ఏదీ తెరవదు, ‘ఫేస్‌బుక్‌లో అందరూ పెద్దవాళ్లే కదా మామయ్యా, నా ఫ్రెండ్స్ ఒక్కరూ లేరు’ అంటుంది. మేమూ అందుకేగా మారింది! ఆ టెస్టిమోనియల్స్ కాపీ చేసి పెట్టుకోలేదన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.