పెసరగింజంత మైకు, పిన్ని వీణ

"పాత ఇనుప సామాను కొంటాం, పాత పేపర్లు కొంటాం, పాత ఫ్రిజ్‌లు, కూలర్లు కొంటాం..."

హైదరాబాద్ చిక్కడపల్లిలో మా పిన్ని ఫ్లాటు కిటికీ కింద నుంచి ఈ రికార్డు గొంతు రోజుకు మూడుసార్లయినా వెళ్తుంది. పోయిన డిసెంబరులో పిన్ని వీణ రికార్డు చేశాను. ఆ ట్రాలీ ఆటో గొంతు తగలని రాగం లేదు. భైరవి ఆలాపన మంద్రస్థాయిలో మొదలై మెల్లగా పైకి లేస్తుంటే సరిగ్గా అక్కడ కూలర్లు కొనేవాడు వచ్చాడు. అయితే ఫైలు విన్నవాళ్ళెవరూ ఇంతవరకు ఆ గొంతును పట్టుకోలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పనిగట్టుకుని వెతికితే తప్ప దొరకదు. దానికి కారణం పెసరగింజంత కండెన్సర్ మైకు ఒకటి. టీవీ యాంకర్ల జాకెట్టుకు పెట్టే కాలర్ మైకుకు అన్నలాంటిది. దాని తరఫున కాస్త వాదిద్దామనే ఈ వ్యాసం.

పరాయి దేశాల్లో ఉంటున్న మనలో చాలామందికి ఊళ్ళో పాడేవాళ్ళో, వాయించేవాళ్ళో ఒకరుంటారు. మూడు వారాల సెలవు మీద వెళ్తాం. ఒక సాయంత్రం వాళ్ళు పాడతారు, మనం ఫోను ఎత్తి పట్టుకుంటాం. "ఈసారి వచ్చినప్పుడు మంచి స్టూడియోలో చేయిద్దాం" అనుకుంటాం. మా అమ్మ విషయంలో నేను ఇలాగే నాలుగేళ్ళు అనుకున్నాను. ఇప్పుడు నా దగ్గర మిగిలింది వాట్సాప్‌లో వచ్చిన 1 నిమిషం 10 సెకన్ల ముక్క. అందులో సగం పక్కింటి మిక్సీ.

అందుకే స్టూడియో కోసం ఆగకుండా, ఇంట్లోనే ఈ చిన్న మైకును వాద్యానికి దగ్గరగా పెట్టి రికార్డు చేసుకోండంటాను. సంగీతం బాగా తెలిసిన మిత్రులతో ఈ మాటంటే ఒప్పుకోరు. వీణను అంత దగ్గర నుంచి వినకూడదంటారు. మంచి గది చూసుకుని, ఓ రెండు మీటర్ల దూరంలో రెండు పెద్ద మైకులు పెట్టి, గదితో సహా పట్టుకోవాలంటారు. సిద్ధాంతం ప్రకారం వాళ్ళ మాటే నిజం. కానీ ఆ మంచి గది ఎక్కడుంది? 74 ఏళ్ళ మనిషిని, మోకాళ్ళ నొప్పులతో, వీణతో సహా కారెక్కించి స్టూడియోకు తీసుకెళ్ళాలి. గంట లెక్కన అద్దె కట్టి, అద్దం వెనక ముగ్గురు చూస్తుంటే వాయించమనాలి. పిన్ని ఒకసారి అలా వెళ్ళింది. "చేతులు నావి కావనిపించిందిరా" అంది. ఇంట్లో తన చాప మీద, పక్కన కాఫీ గ్లాసుతో కూర్చుంటేనే ఆమె చెయ్యి ఆమెది.

ఇంట్లో అన్నాక ఫ్యాను, ఫ్రిజ్జు, కుక్కరు, కోయిల, కింద స్కూటర్లు అన్నీ ఉంటాయి. ఇక్కడే దగ్గరి మైకు లెక్క పనికొస్తుంది. మైకును వాద్యానికి సగం దూరానికి జరిపిన ప్రతిసారీ వాద్యం శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. వీధి మోత మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. మీటరు దూరం నుంచి పన్నెండున్నర సెంటీమీటర్లకు వస్తే మూడుసార్లు సగం చేసినట్టు, అంటే 18 డెసిబెల్స్ లాభం. శక్తి లెక్కన 60 రెట్లకు పైగా. ఇనుప సామాను వాడు మాయమైంది అక్కడ. వేల రూపాయల సాఫ్ట్‌వేర్‌తో తర్వాత కడిగినా ఇంత శుభ్రంగా పోడు. పైగా ఆ కడుగుడులో వీణ జీర కూడా కొట్టుకుపోతుంది.

ఇంత చిన్న మైకు ఇంత పని చేయడానికి మూలం 1962లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఉంది. జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ అనే ఇద్దరు అక్కడ ఎలెక్ట్రెట్ మైకు కనిపెట్టారు. మామూలు కండెన్సర్ మైకు లోపలి పొరకు బయటి నుంచి కరెంటు చార్జి ఇస్తూ ఉండాలి. వీళ్ళు చార్జిని శాశ్వతంగా నిలుపుకునే ప్లాస్టిక్ పొర వాడారు. దాంతో మైకును ఎంత చిన్నగానైనా చేయగల వీలొచ్చింది. లోపలున్న బుల్లి యాంప్లిఫైయరుకు మాత్రం కాస్త కరెంటు కావాలి. రికార్డరులో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అనే మీట ఉంటుంది, దాన్ని నొక్కాలి. నొక్కకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మొదటిరోజు పిన్ని ముప్పావుగంట వాయించింది, నేను ముప్పావుగంట నిశ్శబ్దాన్ని రికార్డు చేశాను.

ఇలాంటి మైకుల్లో రెండు రకాలు తీసుకెళ్ళాను. ఒకటి ఎదురుగా ఉన్నదాన్నే ఎక్కువగా వినేది, రెండోది అన్ని వైపుల నుంచీ వినేది. గోల ఉన్న ఇంట్లో ఎదురుగా వినేదే మేలని ఎవరైనా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానీ దానికో గుణం ఉంది, మరీ దగ్గరగా పెడితే కింది స్వరాలను ఉబ్బించేస్తుంది. పిన్ని అనుమంద్రం తీగ మీటగానే బానలో కప్ప అరిచినట్టయింది. అన్ని వైపులా వినే మైకుకు ఆ జబ్బు లేదు. వీధి మోతను కూడా వింటుంది కదా అంటే, అంత దగ్గర పెట్టాక దూరం చూపిన లాభం ముందు అది లెక్కలోకి రాలేదు. ఆ తర్వాత మొదటి మైకు పెట్టె తెరవలేదు.

అసలు కష్టం దాన్ని ఎక్కడ తగిలించాలన్నది. ఈ మైకులు చేసే కంపెనీలు వయొలిన్‌కో క్లిప్పు, సాక్సఫోన్‌కో క్లిప్పు, చెల్లోకో క్లిప్పు ఇస్తాయి. వీణ సంగతి ఎవరికీ పట్టలేదు. వీణ కుండ గుండ్రం, నున్నన, పట్టుకోవడానికి అంచు లేదు. పొడవాటి మెడలాంటి దండి మీద మైనంలో కూర్చోబెట్టిన 24 మెట్లు, వాటి మీద తీగలు. తీగల కొసలు కట్టే నాగపాశానికి తగిలిస్తే ప్రతి మీటుకూ మైకే వణుకుతుంది. కోఠిలో గుజరాతీ గల్లీ అంతా తిరిగాను. "వీణకా సార్, గిటార్‌ది ఉంది, సరిపోద్ది" అన్నాడొక కుర్రాడు. తెచ్చి చూశాను, సరిపోలేదు.

చివరకు పిన్నే తోవ చూపించింది. పూజగదిలోంచి వ్యాసపీఠం తెచ్చి వీణ ముందు పెట్టింది. దాని అంచుకు బట్టలారేసే క్లిప్పు, ఆ క్లిప్పులో విప్పి వంచిన ఇనుప హ్యాంగరు తీగ, తీగ కొసన దూది చుట్టి టేపు వేసిన మైకు. చూడ్డానికి చేపలు పట్టేవాడి గాలంలా ఉంది. కానీ ఒక రకంగా ఇదే మేలు. వయొలిన్ వాయించేవాళ్ళు ఊగుతుంటారు, వయొలినూ వాళ్ళతో ఊగుతుంది. మైకు దానికే అంటిపెట్టుకుని ఉంటే దూరం మారదు. అందుకే వయొలిన్‌కు క్లిప్ మైకంత సుఖం ఇంకోటి లేదు. వీణ కుండ నేల మీద కుదురుగా కూర్చుంటుంది. దాన్ని తాకకుండా పైన వేలాడదీస్తే చెయ్యి తగిలిన చప్పుళ్ళు కర్రలోంచి మైకులోకి ఎక్కవు.

తర్వాత గంటన్నర గాలాన్ని అటూ ఇటూ జరపడమే పని. కుండ మీద తీగలను మోసే గుర్రం (బ్రిడ్జి) మీదుగా పెడితే గోటి టక్కుటక్కు, దాని వెంట కంచు మోత. గుర్రం మీది లోహపు పలక కాస్త వంపు తిరిగి ఉంటుంది, తీగ దాన్ని రాచుకుంటూ పలుకుతుంది, ఆ జీరంతా అక్కడే పుడుతుంది. బాగుంది కానీ మరీ పచ్చిగా ఉంది. పైకి జరిపి మెట్ల మీద పెడితే నాదం మెత్తబడింది. అయితే కొబ్బరినూనె రాసిన వేళ్ళు తీగ మీద జారే కీచుకీచు ముందుకొచ్చింది. ఆఖరి మెట్టు దాటాక, దండి కుండలో కలిసే చోట, జానెడు ఎత్తులో వేలాడదీస్తే పిన్ని తలెత్తి చూసింది. హెడ్‌ఫోన్స్ ఆమె చెవులకే పెట్టాను. "ఇదీ నా వీణ" అంది. జానెడంటే పన్నెండున్నర సెంటీమీటర్లు దాటిపోయింది, నా లెక్కలో నాలుగైదు డెసిబెల్స్ పోయాయి. పోనిమ్మన్నాను.

నా మిత్రుల వాదనలో నిజం కూడా ఆ గంటన్నరలోనే అర్థమైంది. వీణ ఒక చుక్క కాదు. కుండ ఒకటి పలుకుతుంది, దండి ఒకటి పలుకుతుంది, తొడ మీద ఆనిన బుర్ర ఇంకొంచెం కలుపుతుంది. రెండు మీటర్ల దూరంలో అవన్నీ కలిసి మన చెవిని చేరతాయి. దగ్గర పెట్టిన మైకు ఒక్క మూల మాత్రమే వింటుంది. నాలుగు అంగుళాలు జరిపితే వేరే వీణ. చిన్న మైకుకు సొంత సుయ్‌మనే శబ్దం కూడా ఉంది. మంచి రకాలకే 23 డెసిబెల్స్ దాకా ఉంటుంది, స్టూడియో పెద్ద మైకుల్లో 10 లోపు ఉండేవి ఉన్నాయి. ఆలాపన చివర మంద్రం తీగ నాదం సన్నబడి సన్నబడి పోయేచోట ఈ సుయ్ వినిపిస్తుంది. నేను గది మూలన ఇంకో రికార్డరు పెట్టి, దాని శబ్దాన్ని చిటికెడంత కలిపాను. ఉప్పు వేసినట్టే వేయాలి. 2 మీటర్ల దూరం నుంచి శబ్దం రావడానికి దాదాపు 6 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ తేడా సర్దకుండా కలిపితే నాదం డొల్లగా తయారవుతుంది.

ఫ్రిజ్జు సంగతి కూడా చెప్పాలి. దాని మోత దగ్గరి మైకుకూ తప్పదు, అందుకని ఆపేశాను. ఆపినవాణ్ణి మళ్ళీ వేయడం మరిచిపోయాను. మర్నాడు పొద్దున వంటింట్లోంచి "భైరవి బాగా వచ్చిందిరా, పిండి కూడా బాగా పులిసింది" అని వినిపించింది. రెండు రోజులు పుల్లట్లే తిన్నాం.

ఇక ఇక్కడి మన తెలుగు సంఘాల వేదికల మాట. ఆ మధ్య ఇక్కడ ఒక ఉగాది వేడుకకు హైదరాబాద్ నుంచి వీణ విద్వాంసురాలిని పిలిపించారు. ఏ ఊరో, ఏ సంఘమో ఎందుకులెండి. విమానం టికెట్టు, హోటలు, శాలువా, అన్నీ ఘనంగా చేశారు. వేదిక మీద మాత్రం కుండకు అంటించే బిళ్ళలాంటి పికప్ ఒకటి పెట్టి, దానికి బోలెడంత ఎకో కలిపారు. అది కర్ర వణుకును పట్టుకుంటుంది, గాలిలోకి వచ్చిన నాదాన్ని కాదు. హాల్లో వినిపించింది గిటారు. పక్కన మృదంగానికి రెండు వైపులా పాటగాళ్ళ మైకులు, అవి గుండెల మీద గుద్దుతున్నాయి. మూడో వరసలో పిల్లలు చెవులు మూసుకున్నారు. పిల్లలకు మన సంగీతం పట్టడం లేదని తర్వాత కమిటీలో చర్చ కూడా జరిగింది.

మంచి క్లిప్ మైకు ఒకటి కొన్ని వందల డాలర్లకు వస్తుంది. మూడు కొనుక్కుంటే ఒక సంఘానికి ఏళ్ళ తరబడి సరిపోతాయి. పోయిన వేడుకకు పూల డెకరేషన్ బిల్లు ఎంతయిందో కోశాధికారి గారిని అడిగి చూడండి. వేదిక మీద మాత్రం నా ఇంటి లెక్క పనిచేయదు. స్పీకర్లు ఉంటాయి కనుక, వాటి శబ్దమే మళ్ళీ లోపలికి దూరి అన్ని వైపులా వినే మైకు కూత పెడుతుంది. అక్కడ ఎదురుగా వినే రకమే కావాలి, ఇంకాస్త ఎడంగా. మృదంగానికి రెండు మూతలు, రెండూ వేరే మాట మాట్లాడతాయి కాబట్టి రెండు కావాలి. వేణువుకు పెదవి దగ్గర మరీ ఆనించి పెడితే పాటకంటే ఊపిరి ఎక్కువ వస్తుంది. ఘటం వాయించేవారు దాని మూతిని పొట్టకు ఆనిస్తారు, తీస్తారు, దానికి క్లిప్పు మాట మరిచిపోయి స్టాండే పెట్టుకోవాలి. నాదస్వరానికి అసలు మైకే ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

మైకులు కొనడం కంటే కష్టమైంది ఒకటుంది, కచేరీకి ముందు కళాకారులకు ఇరవై నిమిషాలు ఇవ్వడం. సౌండ్ అబ్బాయి వచ్చి తనకు వీలైన చోట బిగించి పోకుండా, "ఎక్కడ పెట్టమంటారమ్మా?" అని అడగాలి. హాలు మధ్యలో కూర్చుని ఒకరు వినాలి. ఆ ఇరవై నిమిషాలు మన కార్యక్రమాల్లో ఎప్పుడూ స్పాన్సర్ల సన్మానానికే పోతాయి.

పిన్ని కూతురు, మా చెల్లెలు, న్యూజెర్సీలో ఉంటుంది. ఎనిమిది రాగాలు శుభ్రం చేసి పంపాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది. "అన్నయ్యా, చాలా బాగున్నాయి. కానీ అమ్మ గోటి చప్పుడేది? పక్క గదిలో చదువుకుంటున్నప్పుడు నాకు ముందు వినిపించేది అదే" అంది. గుర్రం మీద మైకు పెట్టి చూసినప్పటి ముక్క ఒకటి చెరిపెయ్యకుండా ఉంది, 40 సెకన్లు. పంపాను. మిగతా ఎనిమిదీ మళ్ళీ విన్నదో లేదో తెలియదు, ఆ 40 సెకన్లు మాత్రం తన ఫోను రింగ్‌టోన్ చేసుకుంది.

దండి, కుండ కలిసేచోటే సరైన చోటని నేను ఇప్పటికీ అంటాను. అయినా ఈ డిసెంబరుకు రెండు మైకులు పెడదామనుకుంటున్నాను, ఒకటి అక్కడ, ఒకటి గుర్రం మీద. ఇదే పిన్నికి చెబితే, "పెట్టుకో నాన్నా, హ్యాంగర్లు మాత్రం నువ్వే తెచ్చుకో. పోయినసారి నా పట్టుచీర హ్యాంగరు వంచి పారేశావు" అంది.