ఎలుకల స్వాధీనానుభవంలో ఉన్న పెంకుటిల్లు

పాత పెంకుటిల్లు ఎవరిదన్న ప్రశ్నకు దస్తావేజులు ఒక సమాధానం చెబుతాయి, అటక మరొకటి చెబుతుంది. దస్తావేజుల ప్రకారం గోదావరి జిల్లాల్లోని సగటు మండువా లోగిలి తాతగారి స్వార్జితమై, ఆయన తదనంతరం కుమారులకు, వారి తదనంతరం హైదరాబాదు నుంచి డాలస్ వరకు చెదిరి ఉన్న మనుమలకు సంక్రమించిన అవిభక్త ఆస్తి. కానీ 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఒకరి స్థిరాస్తిని మరొకరు బహిరంగంగా, ఎడతెగకుండా, యజమాని హక్కును ధిక్కరిస్తూ 12 ఏళ్లపాటు అనుభవిస్తే, దాన్ని తిరిగి రాబట్టుకునే హక్కు ఆ యజమానికి ఉండదు. ఈ షరతుల్లో ఎలుకలు నెరవేర్చనిది ఏదో చెప్పడం కష్టం. వాసాల మీద పట్టపగలే తిరుగుతాయి కనుక బహిరంగమే. ఇంట్లో మనుషులు లేని నెలల్లో కూడా కాపురం ఉంటాయి కనుక ఎడతెగనిదే. ధిక్కారం సంగతి బీరువాలోని పట్టుచీర అంచును అడిగితే తెలుస్తుంది.

ఎలుక ఆయుష్షే ఏడాదో రెండేళ్లో అయినప్పుడు 12 ఏళ్ల అనుభవం ఎక్కడిదని మన వకీలు వాదించవచ్చు. అయితే పూర్వీకుల అనుభవకాలాన్ని వారసులు తమ ఖాతాలో కలుపుకోవచ్చు. మూడు వారాల్లో కాన్పు, కాన్పుకు అరడజను సంతానం గల వంశంలో వారసుల కొరత ఎన్నడూ రాదు. పైగా వారంతా ఇంటిపట్టునే ఉంటారు, మనుమల వలె వీసాల కోసం వెళ్లిపోరు. ప్రభుత్వ వైఖరి కూడా వారికే అనుకూలంగా మారినట్టుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎలుకను కాకితోపాటు హానికర జీవుల జాబితాలో చేర్చగా, 2022 నాటి సవరణ ఆ జాబితానే ఎత్తివేసింది.

కాబట్టి ఖాళీ చేయించే ప్రయత్నం శాంతియుతంగానే సాగాలి, విషం పనికిరాదు. ఈ నిర్ణయానికి కారణం అహింస అనుకుంటే పొరపాటు. ఎలుకలమందు తిన్న ఎలుక దాహానికి బయటికి పరుగెత్తి వీధిలోనే చస్తుందని దుకాణదారు ఇచ్చే హామీ ఎలుకలకు తెలియదు. అది అటకమీద, ఎవరి చేయీ దూరని గంగాళం వెనుక, తనకు అలవాటైన చోటనే కన్నుమూసి, చుట్టాలు వచ్చే రోజుకు ఇల్లంతా తన ఉనికిని చాటుతుంది. పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో ఆ పొడి ఇంకెక్కడెక్కడ తేలుతుందో చెప్పనక్కరలేదు. ఇక జిగురు అట్టల సంగతి. ప్రాణం పోయేదాకా జీవిని అతికించి ఉంచే ఆ వస్తువును వాడవద్దని భారత జంతు సంక్షేమ మండలి కూడా చెప్పింది. తెల్లవారి దాన్ని ఎవరు తీయాలన్న తగవు ఒక్కసారి పడ్డ కుటుంబానికి మండలి చెప్పనవసరం లేదు.

విషం వద్దనుకున్న మరుక్షణం ఇంట్లోకి విజ్ఞానశాస్త్రం ప్రవేశిస్తుంది. ప్లగ్గులో గుచ్చితే మనిషికి వినబడని శబ్దం చేసి ఎలుకలను తరిమేస్తుందన్న పరికరాన్ని డాలస్ మనుమడు పంపిస్తాడు. వ్యాపార మోసాలపై నిఘా వేసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే 60కి పైగా తయారీదారులకు, విక్రేతలకు లేఖలు రాసి, శాస్త్రీయ ఆధారం లేకుండా ఇటువంటి గొప్పలు చెప్పవద్దని హెచ్చరించిన సంగతి అతనికి అక్కడే ఉండి కూడా తెలియలేదు. ఆ శబ్దం గోడను, బీరువాను దాటలేదు. దాటినచోట ఎలుకలు కొద్దిరోజుల్లోనే దానికి అలవాటుపడతాయి. మనకు వినబడదు, వాటికి పట్టదు, మీటరు మాత్రం తిరుగుతుంది.

తరువాతి నియామకం పిల్లి. న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని ఒక చెత్త కేంద్రంలో తిరిగే వీధిపిల్లులను పరిశోధకులు 79 రోజులపాటు కెమెరాలతో గమనించి, 2018లో ఫలితాలు ప్రకటించారు. పెద్ద ఎలుకల మంద కళ్లెదుటే ఉండగా అవి చంపినవి రెండు. ఎలుకలు తగ్గలేదు, కాస్త జాగ్రత్తగా తిరగడం నేర్చుకున్నాయంతే. మూడుపూటలా పెరుగన్నం పెట్టే మన పిల్లి అంతకన్న ఎక్కువ కష్టపడాలని ఆశించడం శ్రామిక ధర్మం కాదు.

విచిత్రమేమంటే, జీతం అడగకుండా ఈ పని చేసే ఉద్యోగులు ఇద్దరు ఎప్పటినుంచో మన గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. గుడ్లగూబ రాత్రంతా ఎలుకల వేటలోనే ఉంటుంది, కానీ అది ఇంటి మీద వాలితే అరిష్టమని దివిటీ పట్టుకుని తరుముతాం. జెర్రిపోతుకు విషం లేదు, ఎలుక కన్నంలోకి దూరి మరీ పట్టగలదు. దాన్ని చూడగానే ఊరంతా కర్రలతో హాజరవుతుంది. ఎలుక కనబడితే మాత్రం వినాయకుడి వాహనమని పెద్దనాన్నగారు చేతులు జోడిస్తారు.

మిగిలింది బోను. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం కనుక, బోనులో ఎండుచేప ముక్కో పకోడీయో పెట్టి, తలుపు పడకుండా కట్టి, కొన్ని రోజులు ఊరికే వదిలేయాలి. భయం తీరి తినిపోవడం అలవాటయ్యాక కట్టు విప్పాలి. అది గోడవార నడిచే జీవి కనుక బోనును గోడకు ఆనించే పెట్టాలి. మన ఇళ్లలో దాన్ని మొదటి రాత్రే వసారా నడుమ, అందరికీ కనబడేటట్టు ప్రతిష్ఠించి, తెల్లవారగానే పనికిరాదని తేల్చేస్తారు. ఖర్మకాలి ఒకటి పడితే దాన్ని గోనె కప్పి పక్క వీధిలో వదిలివస్తారు. పక్క వీధివారు తమ ఎలుకను మన వీధిలో వదులుతారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం వల్ల రెండు వీధుల మధ్య సౌహార్దం పెరుగుతున్నదే గాని, ఎలుకల సంఖ్యలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఇంత చేసినా ఎవరూ ముట్టనిది ఒకటుంది: కన్నం. చిట్టెలుకకు పెన్సిలు పట్టే సందు చాలు. ఇంటి ఎలుక వాసాలకూ గోడకూ మధ్య ఖాళీలోంచి, లేదా పెంకుల మీదికి వంగిన మామిడికొమ్మ మీదుగా దిగుతుంది. పందికొక్కు మండువా నీరు పోయే తూములోంచి సకుటుంబంగా వస్తుంది. చేయవలసింది ఇంతే: తూముకు పావు అంగుళం గళ్ల ఇనుప జాలీ, సందుల్లో స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు, కొమ్మకు ఒక గొడ్డలివేటు, గోనెసంచుల్లోని బియ్యానికి మూత బిగిసే రేకు డబ్బాలు, రాత్రి ఎంగిలి కంచాలు అలాగే వదలకపోవడం. తిండీ దారీ రెండూ మూసుకుపోయిన ఇంట్లో ఎలుకకు పనేమీ ఉండదు. దీనికయ్యే ఖర్చు డాలస్ పరికరం తపాలా ఛార్జీకి సరిపోదు.

అడ్డంకి ఖర్చు కాదు, హక్కు. పడమటి గోడ రెండోవారి వాటాలోకి వస్తుంది, తూము ఉమ్మడిది, మామిడిచెట్టు మీద వ్యాజ్యం నడుస్తోంది. ఉమ్మడి తూముకు ఒకరు జాలీ బిగిస్తే రేపు అది వారి హక్కుకు సాక్ష్యమవుతుందేమోనని మిగిలిన ముగ్గురికీ భయం. అటక ఖాళీ చేద్దామంటే విరిగిన ఉయ్యాలబల్ల, నలభై ఏళ్ల పంచాంగాలు, ఎవరిదో తెలియని పెళ్లిపత్రికల కట్ట, అన్నీ భావోద్వేగ విలువ కలవే. వాటిని ఇంతకాలం శ్రద్ధగా తిరగేస్తున్నది ఎలుకలొక్కటే.

కుటుంబ వాట్సాప్ బృందంలో ఈ విషయం సుదీర్ఘంగా చర్చకు వచ్చింది. హైదరాబాదు వారు ఇల్లు బిల్డరుకు ఇచ్చేస్తే ఎలుకల బాధ్యత అతనిదే అవుతుందన్నారు, డాలస్ వారు మరో వీడియో పంపారు. జాలీ ఎవరు కొనాలన్న అంశం సంక్రాంతికి అందరూ వచ్చాక ముఖాముఖి తేల్చుకుందామని వాయిదా పడింది. ఈలోగా పండక్కి కావలసిన అరిసెలు, జంతికలు ముందే వండించి, పిల్లల చేతికి అందకుండా గోనెసంచిలో కట్టి అటకమీద భద్రపరచాలన్న ప్రతిపాదన మాత్రం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.