కేసు కొట్టేస్తే అధికారి నిర్దోషి అయిపోయినట్టా?

అమెరికాలో ఏ మేయర్ మీదో, పోలీస్ చీఫ్ మీదో వేసిన పౌరహక్కుల దావాను కోర్టు కొట్టేసిందని వార్త రాగానే "చూశారా, వాళ్ల తప్పేం లేదని తేలిపోయింది" అని కామెంట్లు మొదలు. తేలిందేమీ లేదండీ. చాలా కేసుల్లో సాక్ష్యం మొహం కూడా ఎవరూ చూసి ఉండరు.

ఇవి 1871 నాటి చట్టం, సెక్షన్ 1983 కింద వేసే దావాలు: అధికారులు రాజ్యాంగ హక్కులు కాలరాస్తే కోర్టుకెక్కే దారి అదే. నగరం తరఫు లాయరు ముందుగా వేసేది రూల్ 12(బి)(6) మోషన్, అంటే కేసును మొదట్లోనే కొట్టేయమనే దరఖాస్తు. "నువ్వు రాసిందంతా నిజమే అనుకున్నా కేసు నిలవదు" అని దాని సారాంశం. అప్పటికి ఈమెయిళ్లు బయటికి రావు, ఎవరినీ ప్రమాణం చేయించి అడగరు. 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఇక్బాల్ తీర్పు తర్వాత ఉత్తినే "కక్షతో చేశారు" అంటే కుదరదు, అలా అనిపించే వివరాలు రాయాలి. ఆ వివరాలుండేదేమో వాళ్ల బీరువాల్లో!

నగరం మీద వేద్దామంటే సుప్రీంకోర్టు మోనెల్ తీర్పు (1978) అడ్డం: ఉద్యోగి తప్పు చాలదు, నగరం విధానమో, పాతుకుపోయిన అలవాటో చూపాలి. ఉద్యోగినే పట్టుకుంటే క్వాలిఫైడ్ ఇమ్యూనిటీ, అంటే దావాల నుంచి అధికారులకున్న రక్షణ. అలాంటి పని తప్పని ముందే స్పష్టంగా చెప్పిన తీర్పు ఉండాలట. పైగా 2009 పియర్సన్ తీర్పు ప్రకారం, హక్కు పోయిందో లేదో తేల్చకుండానే "అప్పటికి స్పష్టత లేదు" అని ముగించేయొచ్చు. అంటే రేపు వచ్చేవాడికీ చూపించుకోవడానికి తీర్పు ఉండదు. ఒళ్లు మండేది ఇక్కడే.

టెక్సాస్‌లోని క్యాజిల్ హిల్స్ సంగతి చూడండి. 2019లో 72 ఏళ్ల కౌన్సిల్ సభ్యురాలు సిల్వియా గొంజాలెజ్ సిటీ మేనేజర్‌ను తీసేయాలని పిటిషన్ నడిపారు. ఆ కాగితాలు ఆమె బైండర్‌లో కనిపించాయని, ప్రభుత్వ రికార్డు మాయం చేయబోయారంటూ అరెస్టు చేశారు. కేసు తర్వాత ఎత్తేశారనుకోండి. పిటిషన్ కక్షతోనే అరెస్టు చేశారని ఆమె దావా వేసి, ఆ కౌంటీ పదేళ్ల రికార్డుల్లో, అదే చట్టం కింద పెట్టిన 215 ఫెలొనీ (తీవ్ర నేరం) అభియోగాల్లో, ఇలాంటిది ఒక్కటీ లేదని చూపించారు. అయినా ఫిఫ్త్ సర్క్యూట్ (టెక్సాస్ కేసులు చూసే ఫెడరల్ అప్పీలు కోర్టు) ఒప్పుకోలేదు: "ఇదే పని చేసి అరెస్టు కాని మనిషిని చూపించు" అంది. అంత ఇరుకు లెక్క తప్పని సుప్రీంకోర్టు 2024 జూన్‌లో ఆ తీర్పు పక్కన పెట్టింది. అరెస్టయిన ఐదేళ్లకు, కేసు మళ్లీ కింది కోర్టుకే!

కాబట్టి ఉత్తర్వులో చివరి పేజీ చూడండి. "వితౌట్ ప్రెజుడిస్" అని ఉంటే మళ్లీ వేయొచ్చు, కానీ దావా వేసే గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: టెక్సాస్‌లో 2 ఏళ్లు, న్యూయార్క్‌లో 3, టెనెసీలో ఒక్క ఏడాదే. "విత్ ప్రెజుడిస్" అయితే అప్పీలే దిక్కు, నోటీసుకు తీర్పు నమోదైన నాటి నుంచి 30 రోజులు.