ఆరు నెలల గడువు ఎవరు పెట్టారు?

పక్షవాతం గురించి ఫోన్లలో తిరుగుతున్న సందేశం ఒకటి ఈ వారం నాకూ చేరింది. పంపింది నా దగ్గర ఫిజియోథెరపీ చేయించుకుంటున్న ఒకాయన కూతురు. "ఇది నిజమేనా మేడమ్?" అని కింద ఒక్క ప్రశ్న. సందేశం చెబుతున్నవి నాలుగు: ఆరు నెలల్లో రాని కదలిక ఇక రాదు, అందాకా మర్దన చేసి, కరెంటు పెట్టిస్తే చాలు, చేతిలో బంతి పెట్టి రోజంతా నొక్కించాలి, ఫిజియోథెరపిస్టులు చేసే పరీక్షలన్నీ కాలయాపన.

మొదటిది సగం నిజం, అందుకే ఎక్కువ హాని చేస్తోంది. తొలి మూడు నెలల్లో కోలుకునే వేగం ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. తగ్గడం వేరు, ఆగిపోవడం వేరు. 2006లో వెలువడిన ఎక్సైట్ అధ్యయనంలో 222 మంది ఉన్నారు. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైనవారు. బాగున్న చేతికి తొడుగు వేసి, రెండు వారాల పాటు బలహీనపడిన చేతితోనే పనులు చేయించారు. ఆ మెరుగుదల ఏడాది తర్వాత కూడా నిలిచింది. అయితే మణికట్టునూ వేళ్లనూ కొంతైనా ఎత్తగలిగినవారినే అందులో చేర్చుకున్నారు. అసలు కదలికే లేని చేతికి ఇదే ఫలితం వస్తుందని నేను ఆశ పెట్టను. లండన్‌లోని క్వీన్ స్క్వేర్ నరాల ఆసుపత్రి బృందం 2019లో ప్రచురించిన వివరాలు ఇంకా ఆసక్తికరం: 224 మందికి మూడు వారాల్లో 90 గంటల సాధన. వారిలో సగం మందికి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర దాటింది. అయినా చేతి పనితనం పెరిగింది. పోల్చి చూడటానికి చికిత్స లేని బృందం అందులో లేదు, ఆ లోపం ఒప్పుకోవాల్సిందే.

మరి ఆరో నెల తర్వాత చాలామంది ఎందుకు ఆగిపోతారు? నేను చూసినంతలో, ఆగేది ముందు సాధన. ఒంటి చేత్తో గుండీలు పెట్టుకోవడం అలవాటయ్యాక రెండో చేతిని ఎవరూ అడగరు. వాడక వాడక అది ఉన్న సంగతే మరిచిపోతారు.

మర్దన హాయిగా ఉంటుంది, కాదనను. కానీ పడుకున్న మనిషి చేతిని ఎవరో కదిలిస్తుంటే మెదడు నేర్చుకునేది తక్కువ. కరెంటుకూ చోటుంది: మణికట్టు ఎత్తడానికి రోగి తానే ప్రయత్నిస్తున్న క్షణంలో అది తోడైతే ప్రయోజనం.

బంతి సంగతి. ఇలాంటి చేతికి చాలాసార్లు పిడికిలి బిగించడం కష్టం కాదు, తెరవడమే కష్టం. గ్లాసు పట్టుకుంటారు, వదలలేరు. వచ్చిన పనినే రోజంతా చేయిస్తే రాని పని ఎప్పుడు నేర్చుకుంటారు? సందేశంతో పాటు ఒక బొమ్మ కూడా ఉంది: తలపై కప్పీకి వేసిన తాడుతో పడిపోయిన చేతిని పైకి లాగుతున్నారు. బంతి కంటే ఇది ప్రమాదం. భుజం వెనకున్న రెక్క ఎముక తిరగకుండా చేయి పైకి పోతే భుజంలోని మెత్తని భాగాలు నలిగి నొప్పి పట్టుకుంటుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016 మార్గదర్శకాలు కూడా దీన్ని వద్దన్నాయి.

ఇక పరీక్షలు. మోచేతిని నెమ్మదిగా చాపి చూస్తాను, తర్వాత వేగంగా. నెమ్మదిగా చాపితే సాఫీగా వచ్చి, వేగంగా చాపితే సగంలో టక్కున పట్టేస్తే అది స్పాస్టిసిటీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కండరం బిగుసుకోవడం. రెండుసార్లూ ఒకేచోట ఆగితే కండరమో కీలో కురచబడింది. మొదటిదానికి చేసే చికిత్స రెండోదానికి సరిపోదు. కళ్లు మూయించి కాలి బొటనవేలు పైకెత్తానో కిందికి వంచానో అడుగుతాను. చెప్పలేకపోతే కాలిలో ఎంత బలమున్నా నడక తడబడుతుంది. పడిపోకుండా నిలదొక్కుకోవడాన్ని కొలిచే బెర్గ్ పరీక్షలో 14 పనులు, 56 మార్కులు: కుర్చీలోంచి లేవడం, వెనక్కి తిరిగి చూడటం, నేల మీది వస్తువు తీయడం. వచ్చే నెల మళ్లీ వేస్తే నా చికిత్స పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది. కాలయాపన అంటే ఆ లెక్క లేకుండా నెలల తరబడి ఒకే వ్యాయామం చేయించడం.

ఆ అమ్మాయి నాన్నగారికి ఇది పదకొండో నెల. బంతి పక్కన పెట్టించాను. ప్రస్తుతం ఆయన పని, బల్ల మీద గ్లాసు పెట్టి వేళ్లు విప్పడం. నిన్న రెండుసార్లు విప్పారు.