జపమాల తెగితే అపశకునమా?

పోయిన నెల ఇక్కడ మనవాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లాం. ఇల్లు అమ్మకానికి పెట్టి నాలుగు నెలలైనా బేరం కుదరడం లేదని, అది కుదరాలని పెరట్లో యేసును పెంచిన తండ్రి పునీత జోజప్పగారి చిన్న స్వరూపాన్ని తలకిందులుగా పాతిపెట్టామని ఆ ఇంటావిడ చెప్పింది. అమెరికాలో ఇది కొత్తేమీ కాదు. బొమ్మ, ప్రార్థన కాగితం, ఎలా పాతాలో చెప్పే సూచనలు అన్నీ కలిపి ఒక కిట్‌గా అమ్ముతారు. ఇల్లు అమ్ముడయ్యాక తవ్వి తీసి కొత్తింట్లో పెట్టుకోవాలట. పాతిన చోటు సరిగ్గా గుర్తులేదని, తీయకుండా వెళ్లిపోతే ఏం జరుగుతుందోనని ఆవిడ నిజంగానే టెన్షన్ పడుతోంది. అక్కడ నేనేమీ అనలేకపోయాను. ఇంటికొచ్చాక మనసు మనసులో లేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది విశాఖపట్నం జ్ఞానాపురంలో, సెయింట్ పీటర్స్ కెథడ్రల్ గంట వినబడేంత దూరంలో. 1846లో సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖలో అడుగుపెట్టారు, ఆ ఊరి కతోలిక కుటుంబాల కథలు చాలావరకు అక్కడి నుంచే మొదలవుతాయి. డిసెంబరు 8 వచ్చిందంటే అందరం రాస్ కొండ ఎక్కేవాళ్లం, పైన మరియమాత గుడి, కింద ఓడలు వచ్చిపోయే కాలువ, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్. పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వెంకటేశ్వరస్వామి. మూడు కొండలూ ఎక్కేవాళ్లు మా వీధిలోనే ఉండేవారు. కొవ్వొత్తి ఎవరు వెలిగించినా దేవుడికి వినబడుతుందని మా మామ్మ అనేది, ఆ మాట దగ్గర నాకు ఇప్పటికీ పేచీ లేదు.

మా నాన్న లారీ తోలేవారు. మెడలో నల్లతాడుకి మరియమాత పతకం ఉండేది, అరిగి అరిగి అమ్మవారి ముఖం నున్నగా అయిపోయింది, చేతుల్లోంచి దిగే కిరణాలు మాత్రం వేలికి తగిలేవి. 1830లో పారిస్‌లో కేథరిన్ లబూరే అనే కన్యాస్త్రీకి మరియమాత దర్శనమిచ్చి చేయించమన్నదని చెప్పే పతకం అదే, 1832లో మొదటిసారి అచ్చువేశారు. నాన్న హైవే మీద యాక్సిడెంట్‌లో పోయినప్పుడు ఆ పతకం మెడలోనే ఉంది. పరామర్శకు వచ్చిన ఒకావిడ మామ్మ పక్కన కూర్చుని, "ఫాదర్ గారి చేత ఆశీర్వదింపజేశారా, లేక కొన్నది కొన్నట్టే వేశారా?" అని అడిగింది. మామ్మ ఏడుపు ఆపి ఆవిడ వైపు చూసింది. "అది ఆడి పేణానికి జామీను కాదమ్మా. ఆడు ఎవురి బిడ్డో తెలియాలని ఏసేను" అంది. ఆ సాయంత్రం కూడా ఎప్పట్లాగే జపమాల చెప్పింది, గొంతు మధ్యలో ఆగిపోతే మేం అందుకున్నాం.

నాలుగో తరగతితో చదువు ఆపేసిన మనిషి మా మామ్మ. శ్రీసభ, అంటే మా కతోలిక సంఘం, చెప్పేది కూడా అదే మాటని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు. 1563లో బిషప్పుల ట్రెంట్ మహాసభ స్వరూపాలను గౌరవించమంటూనే, వాటిలో దైవశక్తి ఏదో ఉందని నమ్మి కాదని, వాటిని ఏమైనా అడగడానికీ కాదని చెప్పింది. శ్రీసభ బోధలన్నీ వివరిస్తూ 1992లో వచ్చిన సత్యోపదేశ గ్రంథం ఇంకా సూటిగా చెబుతుంది: ప్రార్థనకైనా, పవిత్ర చిహ్నానికైనా లోపలి మనసుతో పనిలేకుండా పైపైన చేసే పనితోనే ఫలితం వస్తుందనుకుంటే అది మూఢనమ్మకం. 2002లో జపమాల గురించి రాసిన లేఖలో రెండో జాన్ పాల్ పోపుగారు కూడా, ధ్యానం వదిలేస్తే ఆ పూసలు ఒక తాయెత్తుగా మారిపోయే ప్రమాదం ఉందని హెచ్చరించారు. జపమాలను ప్రాణంగా చూసుకున్న మనిషే ఈ మాట అన్నారు, అందుకే నాకు అది అంత బరువుగా తోస్తుంది.

మా బాప్టిస్టు బంధువులు ఇదంతా విగ్రహారాధన, మొత్తం తీసి పారేయండి అంటారు. ఒప్పుకోను. రక్తస్రావంతో పన్నెండేళ్లు బాధపడ్డ స్త్రీ యేసు అంగీ అంచు పట్టుకుంటే ఆయన కసరలేదు, నీ విశ్వాసమే నిన్ను బాగుచేసిందన్నాడు. మనిషికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి, అది తప్పు కాదు. కానీ వాళ్లు చెప్పేదాంట్లో నేను తీసుకోవాల్సింది ఒకటుంది. ఎడారిలో దేవుడు చెప్పబట్టే మోషే ఇత్తడి సర్పం చేశాడు, పాము కాటు తిన్నవాళ్లు దాన్ని చూసి బతికారు. కొన్ని వందల ఏళ్ల తర్వాత జనం అదే సర్పానికి ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. వస్తువు అదే, చేయించినవాడు దేవుడే. మారింది దాన్ని పట్టుకున్న మనసు.

అందుకే చదువుకున్నవాళ్లది విశ్వాసం, పల్లెటూరివాళ్లది మూఢత్వం అనే లెక్క నాకు నచ్చదు. ఈ నవదిన ప్రార్థనను తొమ్మిది మందికి పంపకపోతే కీడు జరుగుతుందని వాట్సాప్‌లో నాకు పంపేది ఇంజనీర్లే, డాక్టర్లే. దయచేసి పంపకండి. శెలవులకి ఊరెళ్లినప్పుడు ఒక ప్రార్థన కూటంలో ఆశీర్వదించిన నూనె సీసాలను చిన్నదానికి ఒక ఫలితం, పెద్దదానికి ఒక ఫలితం చెప్పి అమ్మడం కళ్లారా చూశాను, క్యాన్సర్ ఉన్న కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ఒక తల్లి పెద్ద సీసాకి డబ్బులు లెక్కపెడుతోంది. ఆ తల్లిని నేను ఒక్క మాట అనను. అమ్మినవాళ్లు మాత్రం ఆవిడ భయాన్ని అమ్ముకున్నారు.

నాకు తెలిసిన తేడా ఒకటే. ఆ వస్తువు పోయినా, విరిగినా, అడిగింది దక్కకపోయినా లోపల ఏం మిగులుతుందో చూసుకోవాలి. భయం మిగిలితే అది తాయెత్తే, దాని మీద ఎవరి బొమ్మ ఉన్నా సరే. మామ్మ జపమాల తెగినప్పుడల్లా అపశకునమని ఎవరో ఒకరు అనేవారు, ఆవిడ పూసలు ఏరి గాలం వేసే నైలాన్ దారానికి గుచ్చుకునేది. మ్రానికొమ్మల ఆదివారం తెచ్చిన మట్టలు మా ఇంట్లో ఏడాదంతా సిలువ వెనక ఉండేవి. వాటినే మళ్లీ గుడికి ఇచ్చేస్తే కాల్చి విభూది బుధవారం మా నుదుటి మీద రాసేవారు. పవిత్రమైనదాన్ని కాల్చడానికి మాకెవరికీ భయం వేయలేదు.

మామ్మ పోయాక ఆ నైలాన్ దారపు జపమాల నాకు వచ్చింది, నేను మా అమ్మాయికి ఇచ్చాను. మొన్న పరీక్షకి వెళ్తూ దాన్ని టేబుల్ మీద మరిచిపోయి, హాల్ బయట నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, జపమాల ఇంట్లో ఉండిపోయింది, నాకు చేతులు వణుకుతున్నాయి" అంది. కారు తీసి ఇచ్చి రావచ్చు, ఇరవై నిమిషాల దారి. తాళాలు చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. జ్ఞానాపురం నుంచి సిటీ బస్సులో నిలబడి వెళ్లేటప్పుడు మామ్మ పైన కడ్డీ పట్టుకుని రెండో చేత్తో వేళ్లు ముడుస్తూ చెప్పుకునేది. జపమాలలో ఒక్కో గుర్తుకి, అంటే ఒక్కో భాగానికి, మరియమాతకు చెప్పే మంగళవార్త జపాలు పది.

"పది వేళ్లున్నాయి కదమ్మా, మొదలుపెట్టు" అన్నాను. ఇద్దరం ఫోన్‌లోనే చెప్పుకున్నాం. ఏడో వేలు దగ్గర లోపలికి పిలిచారు.