‘ఆ మీటింగులకెళ్తే మతం మారుస్తారు’ అనే ఫార్వర్డ్‌కు నా జవాబు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఈ నెలలో ఒకే మెసేజ్ మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇంతే: "తాగుడు మాన్పించే ఏఏ మీటింగులు అమెరికా వాళ్లకి. మన దగ్గర ఉండవు. ఉన్నా పేరు, ఆధార్ రాసుకుంటారు, డబ్బు గుంజుతారు, మెల్లగా మతం మారుస్తారు. మనోబలం ఉన్నవాడు ఒక్క రోజులో మానేస్తాడు. లేనివాడికి తెలియకుండా పప్పులో ఈ పొడి కలపండి." కింద పొడి అమ్మేవాళ్ల ఫోన్ నంబరు.

మా బావను మీటింగుకు తీసుకెళ్లింది నేనే కాబట్టి నేనే జవాబు రాస్తున్నాను. ఆయన పేరు, ఊరు మాత్రం అడగొద్దు.

"మన దగ్గర ఉండవు." ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో పుట్టిన మాట నిజం. ఒక స్టాక్ బ్రోకర్, ఒక సర్జన్, ఇద్దరూ తాగుడుకు బానిసలై ఒకరి గోడు ఒకరికి చెప్పుకుంటూ మొదలుపెట్టారు. మన దేశానికి వచ్చింది 1957లో. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో గ్రూపులున్నాయి, తెలుగులోనే మాట్లాడుకుంటారు. కంటికి కనపడకపోవడానికి కారణం వేరు. సొంత భవనం, పెద్ద బోర్డు ఉండవు. ఏ బడి గదిలోనో, చర్చి వెనక హాల్లోనో గంటా గంటన్నర కూర్చుని, కుర్చీలు సర్దేసి వెళ్లిపోతారు.

ఏఏ ఇండియా వెబ్‌సైటులో మీటింగుల వివరాలు, హెల్ప్‌లైన్ నంబర్లు ఉంటాయి. కానీ అడ్రసు చూసుకుని నేరుగా బయల్దేరకండి. మేమలాగే వెళ్లి తాళంకప్ప చూసి తిరిగొచ్చాం. గ్రూపు పక్క వీధికి మారి రెండు నెలలైందట. "చూశావుగా, తాళం వేసేశారు" అని ఆ రాత్రి బావ మళ్లీ తాగాడు. తాగడానికి ఆయనకు ఆ మాత్రం సాకు చాలు. మర్నాడు ఫోన్ చేస్తే అవతలి మనిషి దారి చెప్పి ఊరుకోలేదు, "బస్టాప్‌లో నిలబడతాను, రండి" అన్నాడు. ఫోన్లోనే ఇంకో సంగతి అడగండి: ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? ఓపెన్ అయితే ఇంట్లోవాళ్లూ కూర్చోవచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఆరోజు నేను బయట రెండు టీలు తాగాను. కుటుంబాల కోసం ఆల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, అక్క వాటికి వెళ్తోంది. దగ్గర్లో ఏదీ లేకపోతే 14446కు చేయండి, మత్తు మాన్పించే కేంద్రాల సంగతి చెబుతారు. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు.

"పేరు, ఆధార్, డబ్బు." అనానిమస్ అంటేనే పేరు బయటపెట్టనివాళ్లని. తాగుడు మానాలన్న కోరిక తప్ప చేరడానికి ఇంకో అర్హత లేదు. ఫీజు లేదు. చివర్లో సంచి తిరుగుతుంది, సభ్యులు తోచింది వేస్తారు. బయటివాళ్లు లక్ష ఇస్తామన్నా తీసుకోరు. వేలకు వేలు కట్టించుకునే ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్లతో దీన్ని కలిపేసినట్టున్నారు.

"మతం." ఇందులో కొంత నిజముంది, దాచను. ఏఏ మూలాలు ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంలో ఉన్నాయి. తాగుడు మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో దేవుడి మాట వస్తుంది, కాకపోతే "మేము అర్థం చేసుకున్న రీతిలో" అన్న మాట కూడా పక్కనే ఉంటుంది. బావ ఇప్పటికీ శనివారాలు వెంకన్నకు ఉపవాసం ఉంటాడు. అసలు దేవుణ్నే నమ్మనివాళ్లకు మాత్రం ఆ భాష కాస్త ఇబ్బందే.

"మనోబలం ఉంటే ఒక్క రోజులో." ప్రాణాల మీదికి తెచ్చే సలహా ఇది. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే వణుకు, చెమటలు, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు ఇలాంటివాళ్లే బారులు తీరారు. వాళ్లందరికీ మనోబలం లేదంటారా? బావకైతే ముందు డాక్టరు, ఆ తర్వాతే మీటింగు.

"పొడి." డైసల్ఫిరామ్ అనే మందు నిజంగానే ఉంది. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోయి మొహం ఎర్రబడుతుంది, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం. గుండె జబ్బున్న మనిషైతే పోవచ్చు కూడా. అందుకే రోగికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇస్తారు. తెలియకుండా ఇవ్వడం వైద్యం కాదు. వాట్సాప్ పొడిలో అదే ఉందో, ఇంకేముందో దేవుడికెరుక.

మీటింగుకెళ్లిన ప్రతివాడూ మానేస్తాడని నేననను. బావే మధ్యలో రెండుసార్లు జారాడు. కానీ 2020లో వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ అనే సంస్థ వాళ్లు 27 అధ్యయనాలు, 10,565 మంది వివరాలు కలిపి చూస్తే, పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఏఏ బాట పట్టించే చికిత్స ఇతర పద్ధతులకంటే మెరుగ్గా కనిపించింది. మన దేశంలో 2019 సర్వే ప్రకారం తాగుడుకు బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతా 37 మంది ఇళ్లలోనూ ఈ ఫార్వర్డ్ చదివేవాళ్లుంటారు.

నిన్న మెసేజ్‌లోని నంబరుకు ఫోన్ చేశాను. పొడిలో ఏముందని అడిగితే "ఆయుర్వేదం సార్" అన్నాడు. ఏ మూలిక అంటే "ఎన్ని డబ్బాలు కావాలి?" అన్నాడు. మళ్లీ అడిగితే పెట్టేశాడు.