ఊరికి పది సెంటర్లు

గుంటూరులో ఆటో ఎక్కి ‘సెంటర్‌కు పోనివ్వు’ అంటే బండి కదలదు, ‘ఏ సెంటర్?’ అన్న ప్రశ్న వస్తుంది. శంకర్ విలాస్ సెంటర్, లాడ్జి సెంటర్, హిందూ కాలేజీ సెంటర్ అంటూ ఒక్క ఊళ్లోనే అన్ని ఉన్నప్పుడు అలా అడగక తప్పదు. వృత్తానికి కేంద్రం ఒక్కటేనని బడిలో చదువుకున్న మనకు ఇది వింతగా తోచాలి గానీ తోచదు. ఇంగ్లిషులో నడిమి బిందువును సూచించే ఈ మాటను కోస్తా వీధి తనదిగా చేసుకునే క్రమంలో ‘నడుమ’ అనే అర్థాన్ని దాదాపుగా వదిలేసి, నాలుగు దారులు కలిసి, బస్సు ఆగి, టీకొట్టు వెలిసి, పదిమంది నిలబడే చోటు అనే అర్థాన్ని మాత్రం ఉంచుకుంది. ఊరి చివరన ఉన్నా అది సెంటరే. పల్లెలోనైతే దానికి పేరు కూడా అక్కర్లేదు; ‘సెంటర్‌దాకా వెళ్లొస్తా’ అంటే ఎక్కడికో ఇంట్లోవాళ్లకు తెలుసు, ఎప్పటికి తిరిగొస్తాడన్నదే తెలియదు.

ఈ వాడుకకు ఎల్లలున్నాయి. విశాఖపట్నం చేరేసరికి అదే కూడలి జంక్షన్ అవుతుంది, జగదాంబ జంక్షన్ లాగా. అనంతపురంలో సప్తగిరి సర్కిల్, తిరుపతిలో లీలామహల్ సర్కిల్. హైదరాబాద్, వరంగల్ వైపు ఉర్దూ నుంచి వచ్చిన చౌరస్తా. రాష్ట్రాల, ప్రాంతాల సరిహద్దులను మాత్రం మాటలు ఎప్పుడూ లెక్కచేయవు: తెలంగాణలోని ఖమ్మంలో మయూరి సెంటర్ ఉంది, సెంటర్ల రాజధాని అనదగిన విజయవాడలో అన్నిటికన్నా పేరున్నది బెంజ్ సర్కిల్.

సెంటర్ పరాయి మాట కనుక దాని బదులు ‘కేంద్రం’ అనాలని భాషాభిమానులు అప్పుడప్పుడు సూచిస్తుంటారు. చిక్కేమిటంటే ఆ రెండూ ఒకే మాట. గ్రీకులో కెంట్రాన్ అంటే పొడిచే ములుకు, ఎద్దును అదిలించే ములుకోల. వృత్తలేఖినిలో కదలకుండా గుచ్చుకుని నిలిచే మొనకు, ఆ మొన గుచ్చిన బిందువుకు అదే పేరు వచ్చింది. లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా అది 14వ శతాబ్దానికి ఇంగ్లిషుకు చేరింది. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే గ్రీకు జ్యోతిషంతో పాటు సంస్కృతంలోకి వచ్చి కేంద్రమైంది. జాతకంలో 1, 4, 7, 10 స్థానాలను కేంద్రాలనడం ఆ రాక మిగిల్చిన గుర్తు. గమనించండి, అక్కడ కూడా కేంద్రాలు నాలుగు. గుంటూరు ఆటోడ్రైవరుకు శాస్త్రం తోడు లేకపోలేదు.

మన సొంత మాట వేరే ఉంది. నడిబొడ్డు అంటాం, అంటే శరీరానికి బొడ్డు ఎలాగో ఊరికి ఆ చోటు అలాగ. తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ బొడ్రాయిని, అంటే ఊరి బొడ్డుగా భావించే రాయిని, ప్రతిష్ఠించి పండుగ చేస్తారు. అది నిజంగా ఒక్కటే ఉంటుంది, రోడ్డు వెడల్పు చేసినంత మాత్రాన పక్కకు జరగదు. సెంటర్ అలా కాదు. బస్టాండు మారితే అదీ మారుతుంది.

ఇంగ్లిషులోనూ ఈ మాట నడుమను ఎప్పుడో దాటింది. 1976లో లండన్‌లో తెరిచిన బ్రెంట్ క్రాస్ షాపింగ్ సెంటర్ నగరం నడుమన లేదు, ఉత్తర శివారులో ఉంది. జనం ఎక్కడ చేరితే అదే సెంటర్ అన్న లెక్కలో లండన్‌కూ మనకూ పెద్ద తేడా లేదు. మన పరీక్షా కేంద్రాలు, అంగన్‌వాడీ కేంద్రాలు, కొత్త సినిమా ప్రకటనల్లోని ‘వంద కేంద్రాల్లో’ అన్నీ ఈ కోవలోవే.

నాకు అభ్యంతరం ఉన్నది ఒక్క వాడుకతోనే. ఢిల్లీ ప్రభుత్వాన్ని ‘కేంద్రం’ అన్నప్పుడు మాత్రం వదిలేసిన జ్యామితి తిరిగొస్తుంది: బిందువు ఒక్కటే, మిగిలినవన్నీ దాని చుట్టూ గీసిన పరిధి. రాజ్యాంగం మొదటి అధికరణం భారతదేశాన్ని రాష్ట్రాల యూనియన్ అంది. అందులో నడుమ, అంచు అనే ఊహ లేదు. తమిళనాడు ప్రభుత్వం 2021లో ‘ఒండ్రియ అరసు’, అంటే యూనియన్ ప్రభుత్వం అనే మాటను పట్టుబట్టి వాడినప్పుడు అక్కడ పెద్ద చర్చే జరిగింది. తెలుగులో ‘కేంద్రం మిథ్య’ అని ఎన్టీ రామారావు అంతకు చాలా ముందే అన్నా, పత్రికల శీర్షికలు మారలేదు. ఒక కారణం మామూలుదే: మనకు యూనియన్ అనగానే లారీ యూనియనో ఆటో యూనియనో మదిలో మెదులుతుంది, ‘సమాఖ్య’ అంటే పొదుపు సంఘాల మహిళా సమాఖ్య. ‘కేంద్రం’ రెండక్షరాల్లో ఒదిగిపోతుంది కనుక శీర్షిక రాసేవారికి సుఖం. ‘కేంద్రం నిధులు ఇచ్చింది’ అని రాస్తే ఇచ్చేవారెవరో, చేయి చాచేవారెవరో ఆ ఒక్క మాటే ముందుగా తేల్చేస్తుంది. ‘యూనియన్ నిధులు’ అని రాసి ఉంటే, అందులో రాష్ట్రం వాటా ఎంత అన్న ప్రశ్న పాఠకుడికి అక్కడే పుట్టేది.